నన్ను ఐదుసార్లు కాశీకి పంపినావిడ

మొన్న వానాకాలం మొదట్లో పాలకొల్లులో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల దగ్గర ముక్కూ మొహం తెలియని ఒకాయన వాళ్ళ అమ్మగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "అమ్మా, వీరు కాశీకి ఐదుసార్లు వెళ్ళొచ్చినవారు, దండం పెట్టుకో" అన్నాడు. ఆ పెద్దావిడ వంగబోతుంటే ఆపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. నేను జన్మలో విజయవాడ దాటి ఎరగను. ఆ విజయవాడకైనా వెళ్ళింది రెండుసార్లే, రెండుసార్లూ స్కానింగు కోసమే.

ఈ సంగతి పూర్తిగా తెలిసిన మనిషి, మా ఆవిడ కాక, లోకంలో నరసాపురం మేడమ్ గారొక్కరే. నన్ను ఆ ఐదుసార్లూ కాశీకి పంపింది ఆవిడే. ఇలాంటివి జరిగినప్పుడు నరసాపురం వెళ్ళి చెబితే బల్ల చరుస్తూ నవ్వేవారు. వెళ్ళి చాలా ఏళ్ళయింది, ఈసారి తప్పకుండా వెళ్ళి చెప్పాలనుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆవిడ గుమ్మంలోనే ఎదురై, "మేడమ్ గారు పోయారటండి. నిన్ననే సమాధి చేసేశారట" అంది.

ఆవిడ డైటీషియన్. తొంభైల్లో, మా వైపు ఆ మాటే ఎవరూ వినని రోజుల్లో, నరసాపురంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేవారు. ఏం తినాలో చెప్పడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నారని జనం వింతగా చెప్పుకునేవారు. నేనూ చెప్పుకున్నవాణ్ణే, నా అవసరం వచ్చేదాకా.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. లేసు ఏజెంటుని. అంటే పొద్దున్నే స్కూటరుకి దారపు ఉండల సంచి కట్టుకుని ఊళ్ళ మీద పడటం, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి దారం ఇవ్వడం, వాళ్ళు అల్లిపెట్టిన లేసు తీసుకోవడం. రోజుకి పది ఇళ్ళు. దాన్నే మేం లైను అంటాం. ఆ లైనులో ఉండగానే పెద్దపేగు నా మీద తిరగబడింది. లోపలి గోడంతా పుండ్లు పడిందని, దాన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారని రాజమండ్రి డాక్టరు గారు చెప్పారు. రోజుకి పదిహేనుసార్లు పరుగు, పరుగు పరుగుకీ రక్తం. మగవాళ్ళు పొలాలకి పోయిన వేళ ఇళ్ళలో ఉండేది ఆడవాళ్ళే. వాళ్ళ అరుగు మీద కూర్చుని లేసు కొలుస్తూ, మధ్యలో లేచి, అమ్మా మీ దొడ్డి ఎటువైపు అని ఎలా అడుగుతాం? సగం ఇళ్ళకి అడిగినా లేదు. ఏ ఊళ్ళో ఏ కొబ్బరితోట చివర చాటుందో, ఏ కాలువగట్టు వెనక జనం రారో నాకు కంఠతా వచ్చేసింది.

మందులు మింగుతున్నా తగ్గలేదు. నాలుగు నెలలు చూసి, వేసవి దాటేలోపు దారికి రాకపోతే పెద్దపేగు తీసేసి నడుముకి సంచి అమరుస్తామన్నారు డాక్టరు గారు. ఉన్న సంచికి తోడు రెండో సంచి వేసుకుని స్కూటరెలా నడపాలా అని పైకి జోకు వేశాను గానీ, ఇంటికొచ్చి భయంతో అన్నం తినలేకపోయాను. నా పేగు నాకు దక్కాలి, నా లైను నాకు దక్కాలి. అప్పట్లో దేవుణ్ణి నేను అడిగింది ఈ రెండే. తిండి సంగతి కూడా ఒకరికి చూపించుకోండి, మీ నరసాపురంలోనే ఉన్నారు అంటూ ఆయనే చీటీ రాసిచ్చారు.

ఎక్స్‌రే గది పక్కన, ఒకప్పుడు దుప్పట్లు దాచుకునే కొట్టు ఆవిడ గది. తలుపు మూస్తే ఊపిరాడదు కాబట్టి ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. బల్ల మీద సోల, అరసోల, గిద్ద వరసగా బోర్లించి ఉండేవి. గ్రాములంటే మనవాళ్ళకి బంగారమే గుర్తొస్తుందండి అని, అన్నం అరసోల, పప్పు గిద్దెడు అని కొలిచి చూపించేవారు. వాటి పక్కన ఫ్లాస్కు, ఫ్లాస్కులో కాఫీ. ఒక ప్రశ్న అడగడం, మూతలోకి కాస్త ఒంపుకుని గుక్కెడు తాగడం, రెండు క్షణాలు కళ్ళు మూసుకోవడం, తెరిచి ఇంకో ప్రశ్న అడగడం. కాఫీ తాగుతున్నప్పుడు ఆవిడ మొహంలో కనబడే సుఖం నేను పెళ్ళికొడుకుల మొహాల్లో కూడా చూడలేదు. మనిషి పొట్టి. గొంతు మాత్రం మైకు లేని చర్చిలో చిన్నప్పటి నుంచీ పాటలు పాడి పెంచుకున్న గొంతు.

"రోజుకి ఎన్నిసార్లండీ?" అన్నారు మొదటి రోజు.

బయట వరండాలో పదిమంది కూర్చుని ఉన్నారు. "పదిహేను" అన్నాను గొణుగుతూ.

"గట్టిగా చెప్పండి."

"పదిహేనండి."

"నీళ్ళగానా, జిగటగానా?"

ఎక్స్‌రే కోసం బల్ల మీద పడుకున్న కాలు విరిగినాయన కూడా నా జవాబు కోసం తల ఇటు తిప్పాడు. నేను నేల చూపులు చూస్తుంటే ఆవిడ ఒక గుక్క తాగి, "సిగ్గెందుకండీ. కడుపు మీది, ఉద్యోగం నాది. ఇద్దరం పనిచేసుకుందాం" అన్నారు.

సొరుగులోంచి రెండు లాంగ్ నోట్‌బుక్కులు తీశారు. స్కేలు పెట్టి పేజీలకి గీతలు కొట్టి మూడు గడులు చేశారు. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, తర్వాత ఏమైంది. ఒకటి నాకు, ఒకటి తనకి. నేను రాసుకొచ్చింది ప్రతి సోమవారం ఆవిడ తన పుస్తకంలోకి దించుకుంటారు. "మందు మాత్రం మానకండి. తిండితో ఈ జబ్బు పోదు. దాన్ని రెచ్చగొడుతున్నదేదో పట్టుకుంటే మందు తన పని తాను చేసుకుంటుంది. ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది, కాబట్టి మీ కడుపునే అడగాలి. నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయండి" అన్నారు.

రాయండి అన్నది ఆవిడ ఊతపదం. కడుపులో మంటగా ఉందండి అంటే రాయండి. మా ఆవిడ పప్పులో ఇంగువ వేసిందండి అంటే రాయండి. ఒకసారి, బతకాలని లేదండి అన్నాను నీరసంగా. అదీ రాయండి అని, "ఎన్ని గంటలకి అనిపించిందో కూడా వెయ్యండి, ఖాళీ కడుపుతో అనిపించిందేమో చూద్దాం" అన్నారు. చూస్తే నిజంగానే ఖాళీ కడుపుతోనే అనిపించింది.

మధ్యాహ్నం ఆవిడ భోజనం ఇంకో తమాషా. ఐదు గిన్నెల క్యారియర్ తెచ్చుకునేవారు. ఏ గిన్నెలో ఏముందో చూస్తే గానీ మీకు ఆవిడ అర్థం కారు. ఒకదాంట్లో కిడ్నీ జబ్బు మాస్టారి ఉప్పు లేని కూర, ఒకదాంట్లో షుగరు ఉన్న పిన్నిగారి కొర్రన్నం, ఇంకోదాంట్లో బాలింతకి చెప్పిన కారం. నేను చేరాక నా మెత్తటి అన్నం, ఉడికించిన అరటికాయ కూడా ఒక గిన్నెలోకి వచ్చి చేరాయి. తానేదైతే తినమని చెబుతారో అది తానూ తినాల్సిందే. "ఉప్పు లేని బీరకాయ తినండని చెప్పడం తేలికేనండి. నేను తిని చూస్తే గదా మాస్టారు నన్నెందుకు తిడుతున్నారో తెలిసేది" అనేవారు. అలా అన్ని రోగాల పథ్యాలూ కలిపి తిని ఆవిడ శుభ్రంగా, గుండ్రంగా ఉండేవారు.

ఇక విచారణ మొదలైంది. నేను తినే తిండి మొత్తం మీద ఆవిడకి అనుమానమే. కారం మానిపించారు, తగ్గలేదు. వంకాయ, పచ్చిమిర్చి, శనగపిండి ఒక్కొక్కటీ మానిపించారు, తగ్గలేదు. ఆవకాయ జాడీని మా ఆవిడ అటక మీద పెట్టి, నేను నిచ్చెన ఎక్కుతానేమోనని నిచ్చెనని పక్కింట్లో పెట్టింది. మూడు నెలలు తిరిగేసరికి నా కంచంలో మెత్తటి అన్నం, అరటికాయ, పెసరకట్టు తప్ప ఏమీ మిగల్లేదు. రక్తం మాత్రం పడుతూనే ఉంది. డాక్టరు గారి గడువు ఇంకో నెలే ఉంది. నాకు కోపమొచ్చింది. ఒక సోమవారం పుస్తకం ఆవిడ బల్ల మీద పడేసి, "ఇంక మానడానికి నీళ్ళు తప్ప ఏమీ లేవండి, అవి కూడా మానెయ్యమంటే చెప్పండి" అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. పుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పుతూ, ఎర్ర పెన్సిలుతో ఎక్కడెక్కడో సున్నాలు చుట్టారు. చాలాసేపటికి తలెత్తి, "ఆదివారాలు మీ కడుపు బావుంటోందండి. మా వాళ్ళలాగా చర్చికేమన్నా వెళ్ళొస్తోందా అది?" అన్నారు.

"ఆదివారం లైను ఉండదండి, ఇంట్లో ఉంటాను."

"అయితే మీ కొంప ముంచుతున్నది లైనులో ఉంది. రేపు నేనూ వస్తాను."

వస్తానన్నారు గానీ నా స్కూటరు వెనక ఎక్కిస్తే ఊళ్ళు ఊరుకోవు. ఆవిడకో లూనా ఉండేది. తెల్లకోటు వేసుకుని, నెత్తికి రుమాలు కట్టుకుని, నా స్కూటరు వెనకాల ఇరవై గజాల దూరంలో లూనా మీద బయల్దేరారు. నేను ఆగితే ఆగేవారు, నేను కొబ్బరితోటలోకి పరిగెత్తితే గట్టు మీద నిలబడి టైము రాసుకునేవారు.

లైనులో మొదటి ఇల్లు మంగమ్మ గారిది. పొద్దున్న అక్కడే దారం ఇచ్చి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు లేసు తీసుకుంటాను. ఆవిడ అల్లిక మా లైనులోకెల్లా మేలైనది. తెల్లకోటు చూడగానే మంగమ్మ గారు వీధి మొత్తానికీ కేకేశారు. రెండు నిమిషాల్లో పిల్లలందరినీ ఎత్తుకొచ్చి నోళ్ళు తెరిపించి నిలబెట్టారు.

"చుక్కలు కాదండి" అన్నారు మేడమ్ గారు.

"మరి టీకాలాండి?"

"టీకాలూ కాదండి. ఈయన ఏం తింటున్నారో చూడ్డానికి వచ్చాను."

మంగమ్మ గారు నా వైపు జాలిగా చూశారు. "ఏం తింటారండి పాపం. ఎంత బతిమాలినా మా ఇంట్లో ఒక్క మెతుకు ముట్టుకోరు. ఉత్త కాఫీయే" అంటూ రెండు నిలువు గ్లాసులు తెచ్చారు. చిక్కటి గేదెపాల కాఫీ, పైన మీగడ కట్టి ఉంది. నేను తాగాను. నేను ఏం తీసుకుంటే అది తానూ తీసుకోవాలన్న నియమం కాబట్టి ఆవిడా తాగారు. కళ్ళు మూసుకుని, తెరిచి, నా వైపు అదోలా చూశారు.

రెండో ఇంట్లో కాఫీ. మూడో ఇంట్లో కాఫీ, చేతిలో ఒక బజ్జీ. నాలుగో ఇంట్లో కాఫీ. ఐదో ఇంటి దగ్గర ఆవిడ నాతో గుసగుసగా, "వద్దని చెప్పడం ఇంత కష్టమా? నేను చెబుతాను చూడండి" అని, ఆ ఇల్లాలితో నవ్వుతూ "మాకు వద్దమ్మా" అన్నారు.

ఆ ఇల్లాలి మొహం మాడిపోయింది. "పై ఇళ్ళన్నిటిలోనూ తాగొచ్చి మా గుమ్మంలో వద్దంటే ఏంటండి దానర్థం? మా ఇంటి గ్లాసు పనికిరాదనా?" అంది.

మేడమ్ గారు వెంటనే గ్లాసు అందుకున్నారు. ఆవిడకి ఆ మాట నాకంటే బాగా తెలుసు. చిన్నప్పుడు అలా పనికిరాని గ్లాసుల ఇంటి పిల్లే ఆవిడ కూడా. ఆ ఇంట్లో ఇంకో అరగ్లాసు అడిగి మరీ తాగారు.

ఎనిమిది ఇళ్ళయ్యాక కాలువ వంతెన దగ్గర లూనా ఆపేశారు. నన్ను రమ్మని సైగ చేశారు. నా పుస్తకం తెరిచి, "నిన్నటి పేజీ ఇదేనా? మెత్తటి అన్నం అరసోల, అరటికాయ, పెసరకట్టు. ఇందులో కాఫీలేవండీ?" అన్నారు.

"ఏం తిన్నారో రాయమన్నారు కదండీ. కాఫీ తిండి కాదు కదా."

"తిండి కాకపోతే ఏంటండి?"

ఆలోచించాను. నాకు ఎప్పుడూ ఆ ప్రశ్న రాలేదు. "మర్యాదండి" అన్నాను.

"గుళ్ళో పెట్టిన ప్రసాదం?"

"అదీ తిండి కాదండి."

"రుచి చూడండని చేతిలో పెట్టిన బజ్జీ?"

"ఒక్కటే కదండీ."

వంతెన గోడ మీద కూలబడిపోయారు. మూడు నెలలుగా ఏ పాపం ఎరగని వంకాయనీ పచ్చిమిర్చినీ బోనులో నిలబెట్టి, అసలు దొంగకి రోజుకి పదకొండుసార్లు గ్లాసుతో మర్యాద చేస్తున్నామని ఆవిడకి తెలిసింది. తిడతారనుకున్నాను. తిట్టారు కూడా, ఆ గొంతుతో, కాలువ అవతల చేలో కలుపు తీసేవాళ్ళు లేచి నిలబడి చూసేటంతగా. "మనిషి చచ్చిపోతున్నాడయ్యా మర్యాదకి. పేగు కోసి చేతిలో పెడతామంటున్నారు, ఇంకా గ్లాసు దించవా?" అన్నారు. ఆవిడ నాతో అండీ లేకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే. అంతలోనే గుండె పట్టుకుని, "నాకు దడొచ్చేస్తోంది. ఎనిమిదిన్నర కాఫీలు" అన్నారు.

సాయంత్రం తిరుగు దారిలో మంగమ్మ గారు రెండో విడత గ్లాసులతో ఎదురొచ్చారు. నేను చెయ్యి చాపబోయాను. మేడమ్ గారు నా చెయ్యి వెనక్కి తోసి, "మంగమ్మ గారూ, ఈయన వచ్చేవారం కాశీ వెళ్తున్నారండి. అక్కడ పాలు వదిలేస్తున్నారు. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నారు" అన్నారు.

మంగమ్మ గారి మొహంలో బాధ లేదు, కోపం లేదు. గ్లాసు చటుక్కున వెనక్కి తీసుకుని నాకు దండం పెట్టారు. కాశీలో ఇష్టమైనది వదిలేసి వచ్చినవాడికి అది మళ్ళీ పెట్టడం పెట్టేవాళ్ళకే పాపం. నేను వద్దంటే అవమానం, కాశీ వద్దంటే పుణ్యం. నేను పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన ఈ సంగతి నాకు తట్టలేదు, ఆదివారం ఆదివారం చర్చికెళ్ళే లూథరన్ ఆవిడకి తట్టింది.

"కాయో పండో వదులుతారు కదండీ, పాలు వదలడమేంటి?" అని మాత్రం అడిగారు మంగమ్మ గారు.

"ఈయనకి అంతకంటే ఇష్టమైనది లేదండి" అన్నారు మేడమ్ గారు.

దారిలో నేను, "అబద్ధం కదండీ మేడమ్" అన్నాను. "అబద్ధమే. దాని సంగతి ఆదివారం నేను చూసుకుంటాను. మీరు సోమవారం పక్కబట్టలతో వచ్చెయ్యండి" అన్నారు.

నా మొదటి కాశీయాత్ర పన్నెండు రోజులు, ఆసుపత్రిలో నాలుగో నంబరు మంచం మీద జరిగింది. పాల చుక్క లేదు, మందు మాత్రం వేళకి పడింది. ఐదో రోజుకి పరుగులు సగమయ్యాయి. పదో రోజున రక్తం పడలేదు. ఆ గడిలో ఏం రాయాలో తెలియక పుస్తకం అలాగే పట్టుకెళ్ళి చూపించాను. ఆవిడ ఆ ఖాళీ గడిని చాలాసేపు చూసి, "ఏమీ కాలేదు అని రాయండి. ఈ పుస్తకంలో ఇంతకంటే మంచి మాట లేదు" అన్నారు. నేను ఏడ్చేశాను. ఆవిడ, మళ్ళీ ఎక్స్‌రేకి వచ్చి ఉన్న ఆ కాలు విరిగినాయన వైపు తిరిగి, "మీరు అటు చూడండి" అన్నారు.

వేసవి చివర రాజమండ్రి డాక్టరు గారు గొట్టం వేసి చూసి, పుండ్లు మానుతున్నాయి, ఆపరేషన్ మాట పక్కన పెడదాం అన్నారు. ఆ మాట చెప్పి ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోతే కుర్చీ వెనక్కి జరుపుకుని, "మందు పనిచేసిందండి. మీ మర్యాద ఇన్నాళ్ళూ దాన్ని చెయ్యనివ్వలేదు, అంతే" అన్నారు. ఆ రోజు బల్ల మీద ఫ్లాస్కు లేదు. ఆ తర్వాత కూడా కనబడలేదు. నా ఎదురుగా తాగడం బాగుండదని సొరుగులో దాచారనుకున్నాను.

కాఫీ దొరికాక పాత విచారణలన్నీ చెల్లవని, మిగతా తిళ్ళన్నీ మళ్ళీ మొదటి నుంచీ పరీక్ష పెట్టారు. దేని మీద అనుమానం వస్తే దానికోసం నాలుగు రోజులు నేను ఇంట్లో తలుపులేసుకుని ఉండటం, దాన్ని వదిలేశానంటూ మళ్ళీ కాశీ నుంచి దిగడం. శనగపిండి వదిలాను, వంకాయ వదిలాను, పచ్చిమిర్చి వదిలాను, పనసతొనలు వదిలాను. నాలుగు రోజుల్లో కాశీ వెళ్ళి రావడం ఎలాగండి అని ఒక పెద్దాయన అడిగితే, రైళ్ళు పెరిగాయండి అన్నాను. గంగ ఎలా ఉంటుందంటే, వరదలో మన వశిష్ఠ గోదారిలాగే ఉంటుందండి, కాస్త చల్లగా అన్నాను. ఏయే ఘాట్లు చూశారంటే, కడుపు బాగోక ఎక్కువ గదిలోనే ఉండిపోయానండి అన్నాను. ఇది మాత్రం అక్షరాలా నిజం.

మంగమ్మ గారు మనవడికి కాశీదారం కావాలని అడిగారు. తప్పించుకోలేక, మా సంచిలో ఉండ నుంచే రెండు మూరలు తెంపి, నల్ల ఇంకులో ముంచి ఆరబెట్టి ఇచ్చాను. ముప్పై ఏళ్ళుగా అదే దారంతో లేసు అల్లుతున్న మనిషి. వేళ్ళ మధ్య నులిమి చూసి, "కాశీదారం మన దారంలాగే ఉందండి" అన్నారు. అక్కడికీ మన సరుకే వెళ్తోందేమోనండి అన్నాను. ఆవిడ దాన్ని కొంగున కట్టుకున్నారు. ఇది చెప్పినప్పుడే మేడమ్ గారు నవ్వలేక కుర్చీలోంచి జారి, సోలనీ గిద్దనీ కింద పడేశారు.

అసలు చిక్కు కడుపు బాగుపడ్డాక వచ్చింది. ఒక్కొక్క తిండినీ గిద్దలో పావు వంతుతో మొదలెట్టి ఆవిడ తిరిగి ఇవ్వసాగారు. మూడు రోజులు ఆగి చూసి, ఏమీ కాలేదు అని రాస్తే ఆ తిండి నాదే. వంకాయ నిర్దోషి అని తేలింది. కానీ నేను దాన్ని కాశీలో వదిలేశాను. పెళ్ళిలో వంకాయ వేయించుకుంటే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. మేడమ్ గారు తినమంటున్నారు, కాశీ వద్దంటోంది. ఆఖరికి గుత్తివంకాయ కూర తన క్యారియర్‌లో ఆవిడే తెచ్చేవారు. దుప్పట్ల కొట్టులో, తలుపు ఓరగా వేసి, ఊపిరాడకుండా చెమటలు కక్కుతూ ఇద్దరం చెరో సగం తినేవాళ్ళం. అంత రుచైన వంకాయ నేను మళ్ళీ తినలేదు.

"కాఫీ ఎప్పుడండీ?" అని అడిగేవాణ్ణి.

"అన్నీ అయ్యాక, చివర్న. అరగ్లాసు. అదీ ఇక్కడ నా ముందు" అనేవారు.

ఆ చివర రాలేదు. కడుపు నెమ్మదించింది, లైను నిలబడింది, సోమవారాలు నెలకొకటి అయ్యాయి, తర్వాత ఏడాదికొకటి. బాగున్నవాడికి ఆసుపత్రి మెట్లు గుర్తుండవు. పాలు లేకుండా ఉండటం అలవాటైపోయింది. ఆవిడ ఉద్యోగం మానేశారని విన్నాను, చూసి రావాలనుకున్నాను. అనుకోవడమంటే మాకు వెళ్ళినంత లెక్క.

చనిపోయిన వారానికి వాళ్ళింట్లో ప్రార్థన కూడిక పెట్టారు. వెళ్ళాను. వసారాలో కుర్చీలు వేసి ఉన్నాయి. ఉప్పు లేని కూర మాస్టారు ఉన్నారు, బక్కచిక్కి, ఇంకా బతికే. మంగమ్మ గారు కూడా వచ్చారు, తాను అల్లిన తెల్ల లేసు గుడ్డ మేడమ్ గారి ఫొటో కింద పరిచి ఉంది. ప్రార్థన అయ్యాక మేడమ్ గారి చెల్లెలు పళ్ళెంలో కాఫీ గ్లాసులు పెట్టుకుని వచ్చారు. ఆవిడది అక్కగారి మొహమే, గొంతు మాత్రం సన్నం. నా దగ్గరికి రాగానే, "మీరు లేసు వారు కదండీ? మీరు తాగరు కదా. అక్క చెప్పేది" అన్నారు.

తలూపాను. ఆవిడ కదలబోయి ఆగి, "అక్కా తాగేది కాదండి. పన్నెండేళ్ళయింది మానేసి. కాఫీ అంటే ప్రాణం పెట్టే మనిషి. ఏమే, ఎందుకే అని అడిగితే, కాశీలో వదిలేశాను అనేది. మనం చర్చికెళ్ళేవాళ్ళం, కాశీ ఏంటే అంటే నవ్వేది తప్ప చెప్పేది కాదు" అన్నారు.

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. అట్ట మీద లేసు వారు అని రాసి ఉంది. నా పుస్తకానికి జంటది. వంకాయ, పచ్చిమిర్చి, పనస, అన్నిటికీ ఎదురుగా రెండేసి వరసలు. పైన నా కడుపు సంగతి, కింద నేను అని రాసుకుని తన కడుపు సంగతి. నేను మానినవి మానారు, నాతో పాటే తిరిగి మొదలుపెట్టారు. చివరి పేజీలో ఒక్క వరసే ఉంది. పాల కాఫీ, అరగ్లాసు. మూడో గడి ఖాళీ.

నేను వెళ్ళి ఆ అరగ్లాసు తాగి ఉంటే ఆవిడా తాగి ఉండేవారు. పన్నెండేళ్ళు. నరసాపురం మా ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. నన్ను నేను తిట్టుకోవడానికి కూడా సిగ్గేసింది.

"అమ్మా, నాకో అరగ్లాసు ఇవ్వండి" అన్నాను.

చెల్లెలు గారు తెల్లబోయారు. నేను మంగమ్మ గారి వైపు చూశాను. ఐదు యాత్రల పుణ్యం ఆవిడ ఎదుటే గంగలో కలపబోతున్నాను. మంగమ్మ గారు కళ్ళు తుడుచుకుని, పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసి, సగం వేరే గ్లాసులోకి ఒంపి, మిగతా సగం నా చేతికిచ్చారు. "తాగండి. ఆ దారం నాకు తెలియదేంటండి" అన్నారు.

తాగాను. చల్లారిపోయింది, చక్కెర ఎక్కువైంది. ఒక గుక్క మింగి, కళ్ళు మూసుకుని, తెరిచాను.

పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. ఆవిడ లెక్క ప్రకారం మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు పొద్దున్న చివరి పేజీ తెరిచి, ఖాళీ గడిలో నా వరస నింపాను. కడుపుకి ఏమీ కాలేదు. దాని కింద, మిగతా పేజీల్లో ఆవిడ రాసుకున్నట్టే, నేను అని ఆవిడ వరస కూడా గీశాను. దాని ఎదురుగా ఏం వెయ్యాలో తెలియలేదు. రాయండి అనేవాళ్ళు లేరు. ఆ గడి అలాగే ఉంచేశాను.